స్కాన్ చేసినంత మాత్రాన లైబ్రరీ కాదు

అందరికీ వందనాలు.

పాత క్రైస్తవ గ్రంథాలతో ఉచిత డిజిటల్ లైబ్రరీ తయారు చేద్దాం అనగానే మొదట వచ్చే ప్రశ్న ఒకటుంది: "అవన్నీ ఇంటర్నెట్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి కదా, మళ్లీ మనమెందుకు?" నిజమే, ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికితే వందేళ్ల నాటి సంపుటాల స్కాన్లు బోలెడు దొరుకుతాయి. కానీ అవి పేజీల ఫొటోలు. ఆ ఫొటోల్ని చదివి కంప్యూటర్ తయారు చేసుకున్న పాఠం ఒకసారి తెరిచి చూడండి. పాత ఇంగ్లిష్ అచ్చులో పొడుగాటి 'ఎస్' ఒకటి ఉండేది, చూడటానికి దాదాపు 'ఎఫ్'లా ఉంటుంది. ఫొటోలోని అక్షరాల్ని చదివే ప్రోగ్రాం, అంటే ఓసీఆర్, దానితో తికమకపడి 'సిన్'ని 'ఫిన్' చేస్తుంది. పాపం పోయి చేప రెక్క వస్తుంది! గ్రీకు మాట తగిలితే పిచ్చిగీతలు. ఇక పేజీ అడుగున ఉన్న ఫుట్‌నోట్ వచ్చి వాక్యం మధ్యలో కూర్చుంటుంది.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్లున్నారు. 1971లో మైఖేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైప్ చేసి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత ఈ-పుస్తకాల లైబ్రరీకి నాంది పలికాడు. 1993లో హ్యారీ ప్లాంటింగా అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ వీటన్ కాలేజీలో క్రిస్టియన్ క్లాసిక్స్ ఇథీరియల్ లైబ్రరీని మొదలుపెట్టాడు. అది తర్వాత కాల్విన్ కాలేజీకి మారింది, నేటికీ నడుస్తోంది. పుస్తకాలు ఎక్కించడంతో సరిపెట్టకుండా, వేదాంత గ్రంథాల కోసమే ఒక మార్కప్ పద్ధతి కూడా తయారు చేశారు. పుస్తకంలో బైబిల్ వచనం ఎక్కడెక్కడ వచ్చిందో కంప్యూటర్‌కు తెలిసేలా గుర్తులు పెట్టే పద్ధతి అది.

అసలు పనంతా ఆ గుర్తుల దగ్గరే ఉంది. రోమా పత్రిక 8వ అధ్యాయం మీద ప్రసంగం సిద్ధం చేసుకునే పాస్టరుకు ఏం కావాలి? ఆ అధ్యాయం గురించి నాలుగో శతాబ్దపు ప్రసంగీకుడు క్రిసోస్తమ్ ఏమన్నాడు, పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ ఏమన్నాడు అన్నీ ఒక్క క్లిక్‌లో రావాలి. పాత పుస్తకాల్లో అధ్యాయాల సంఖ్యలు రోమన్ అంకెల్లో ఉంటాయి. వాటిని ఓసీఆర్ సరిగా చదవదు. చదివినా చిక్కు తీరదు. ఇంగ్లిష్‌లో 'జూడ్' (Jud.) అని పొట్టిగా రాసి ఉంటే అది న్యాయాధిపతులా, యూదా పత్రికా, యూదితు గ్రంథమా? చుట్టూ ఉన్న వాక్యాలు చదివితేనే తేలుతుంది. కీర్తనలకు వస్తే, మనం 23వ కీర్తన అనేది తొలి శతాబ్దాల క్రైస్తవ గురువు అగస్టీన్ వాడిన లాటిన్ బైబిలులో 22వది. కాథలిక్ రచయిత పాత లెక్క ప్రకారం 'రాజులు మొదటి గ్రంథం' అంటే అది మనం చెప్పుకునే సమూయేలు మొదటి గ్రంథం కావచ్చు. ఇవేవీ చూసుకోకుండా లింకులు పెట్టేస్తే చదివేవాడు వేరే వచనం ముందు తేలతాడు. లింకే లేకపోయినా ఫర్వాలేదు గానీ, తప్పు లింకు మాత్రం ఉండకూడదు.

ఇక ప్రూఫ్ రీడింగ్. డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ అనే ఆన్‌లైన్ వాలంటీర్ల బృందం వాళ్లు 2000 నుంచి పాటిస్తున్న పద్ధతి మనకూ పనికొస్తుంది. ఒక వాలంటీరుకు ఒకసారి ఒక్క పేజీయే. ఫొటో ఒకవైపు, పాఠం ఒకవైపు. ఒకరు దిద్దింది మరొకరు చూస్తారు. దీనికి వేదాంత డిగ్రీలు అక్కర్లేదు. నన్నడిగితే బైబిల్ కంఠతా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. బాగా తెలిసిన వచనం కనబడగానే వాళ్లు పేజీ మీద ఉన్నది చదవరు, గుర్తున్నది చదివేస్తారు. రచయిత వేరే అనువాదం నుంచి ఉదహరిస్తే 'పాపం, పొరపాటు' అనుకుని దిద్దేస్తారు కూడా. ఉన్నది ఉన్నట్టు ఉంచడమే మన పని.

కాపీరైట్ గురించి ఒక హెచ్చరిక. రచయిత పాతవాడైతే చాలదు, అనువాదం కూడా పాతదై ఉండాలి. అగస్టీన్ 'ఒప్పుకోలు'కు 1838లో వచ్చిన ప్యూజీ ఇంగ్లిష్ అనువాదాన్ని నిక్షేపంగా పెట్టుకోవచ్చు. అదే పుస్తకానికి నిన్నమొన్న వచ్చిన అనువాదాన్ని ముట్టుకోకూడదు. జర్మన్ వేదాంతి బోన్‌హోఫర్‌ను 1945లో ఉరితీశారు. రచయిత మరణం తర్వాత 70 ఏళ్ల లెక్క పాటించే జర్మనీలో, ఆయన బతికుండగా అచ్చయిన జర్మన్ రచనలు 2016 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. వాటి అనువాదాల లెక్క మాత్రం వేరు. గడువు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి అనుమానం ఉన్న పుస్తకాన్ని పక్కన పెట్టేద్దాం. పెట్టడానికి అనుమానం లేనివి బోలెడున్నాయి.

ఏ పుస్తకాలు పెట్టాలన్నది అన్నిటికన్నా పెద్ద వాదన. కాథలిక్ వేదాంతి అక్వినాస్, ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ పక్కపక్కనే ఉండాలంటాను నేను. ఒకరికి నచ్చనివారిని ఇంకొకరు తీసేస్తూ పోతే చివరికి మిగిలేది ఒక సంఘం పుస్తకాల బీరువా. మరి లూథర్ 1543లో యూదుల మీద విషం కక్కుతూ రాసిన పుస్తకం సంగతి? దాచిపెట్టి ఆయన్ని మచ్చలేనివాడిలా చూపించడం నాకు ఇష్టం లేదు. ఆ రాతలు ఎలాంటివో, తర్వాత వాటిని ఎవరు ఎలా వాడుకున్నారో చెప్పే ముందుమాట లేకుండా పెట్టడానికీ ఒప్పుకోను. ఆ ముందుమాట ఎవరు రాస్తారో తేలేదాకా అది ఆగాలి.

భద్రపరచడం గురించి రెండే మాటలు. ఫైళ్లు అన్ని భాషల లిపులకూ పనికొచ్చే యూనికోడ్‌లో, ఏ కంపెనీకీ కట్టుబడని ఫార్మాట్లలో ఉండాలి. కాపీలు వేర్వేరు చోట్ల ఉండాలి. చదువరికి లాగిన్ పెట్టొద్దు, పుస్తకం మొత్తం దింపుకోనివ్వాలి.

ఇంతకీ దేనితో మొదలుపెడదాం? చరిత్రకారుడు ఫిలిప్ షాఫ్ సంపాదకత్వంతో ముడిపడిన, సంఘ పితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల) రచనల ఇంగ్లిష్ సంపుటాలు 38 ఉన్నాయి, వాటితోనే అని కొందరి ఉత్సాహం. నా ఓటు మాత్రం బ్రదర్ లారెన్స్‌కు. పదిహేడో శతాబ్దంలో పారిస్ మఠం వంటగదిలో పనిచేసిన సహోదరుడు. ఆయన సంభాషణలూ ఉత్తరాలూ ఆయన పోయాక పుస్తకంగా వచ్చాయి. చిన్న పుస్తకం. మనలో ఎవరు ఓపికగా దిద్దగలరో, ఎవరు హడావిడి పడతారో దాంతోనే తెలిసిపోతుంది. దాన్ని తప్పుల్లేకుండా ముగించి రండి, అప్పుడు ఆ 38 సంపుటాల సంగతి కూర్చుని మాట్లాడుకుందాం.