గేటు దగ్గర గిరిగారు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వెనక కిటికీల దగ్గర నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ఎవరెవరి పేర్లు ముందు చెప్పాలో రాసి నిర్వాహకులు నాకో చీటీ ఇచ్చారు. ఉన్నది ఇరవై నిమిషాలు. అందరూ మనవాళ్లే కాబట్టి ఏమీ అనుకోరని ఆ చీటీ జేబులో పెట్టేస్తున్నాను.

ఏటా ఆగస్టు 10న మనం ఇదే పని చేస్తాం. 1894లో ఈ బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారి పటానికి దండ వేస్తాం. 1969 రాష్ట్రపతి ఎన్నికతో మొదలుపెట్టి, 1975 భారతరత్నతో ముగించి, టీ తాగి ఇళ్లకు వెళ్తాం. రాష్ట్రపతి భవన్ దేశం మొత్తానిది, దాని గురించి ఢిల్లీవాళ్లు చెప్పుకుంటారు. మన సరిహద్దు జనం ఓట్లతో మద్రాసు శాసనసభకు వెళ్లిన గిరిగారు మాత్రం మనవారు. ఆయన గురించి మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ముందు ఒక వస్తువు చూపిస్తాను. ఇదిగో, ఇది ఇత్తడి బిళ్ల. పైన చిన్న కన్నం ఉంది. అంకెలు అరిగిపోయాయి, వేలితో తడిమితే ఒక్క 7 మాత్రం తగులుతుంది. ఇది మా తాతది. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అప్పట్లో మన రైలు దారి బెంగాల్ నాగపూర్ రైల్వేది. గంజాం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి ఎన్ని కుటుంబాలు ఆ పనికి ఖరగ్‌పూర్ చేరాయో ఇక్కడ కూర్చున్న చాలామందికి తెలుసు. మీ ఇళ్లలోనూ ఎవరో ఒకరు వెళ్లే ఉంటారు. పొద్దున గేటు దగ్గర బోర్డు మీద మేకుకున్న ఈ బిళ్ల తీసుకుంటే పనిలోకి వచ్చినట్టు. సాయంత్రం మళ్లీ తగిలించి వెళ్లాలి. బిళ్ల కదలలేదంటే ఆ రోజు కూలి లేదు.

కంపెనీవాళ్లు వేలమందిని తీసేస్తామన్నారు. 1927, 28 సంవత్సరాల గొడవ అది. గిరిగారు అప్పటికి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చిన బారిస్టరు. కోర్టులో కూర్చుంటే హాయిగా గడిచిపోయేది. అవన్నీ పక్కనపెట్టి రైల్వే కూలీల సంఘం పనిలో పడ్డారు. సమ్మె మొదలైన రోజున మా తాత ఈ బిళ్లను మేకుకు తగిలించలేదు. మొలతాడుకు కట్టుకుని ఇంటికొచ్చేశాడు. మా నాయనమ్మ ఆ కథ చెబుతుంటే మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఊరుకునేది కాదు. "గిరిగారు చెప్పీదాకా గేటు తొక్కనన్నాడు మీ తాత. పిల్లలకి చోడి అంబలి కాసి పోసినాను. ముక్కుపుడక పోయింది, కంచం పోయింది. రాయి మాత్రం ఒక్కడూ ఎత్తలేదు." రాయి ఎత్తలేదన్న మాట ఎప్పుడు చెప్పినా రెండుసార్లు చెప్పేది. చివరికి కంపెనీ దిగొచ్చింది. తాత మళ్లీ పనిలోకి వెళ్లాడు. కొత్త బిళ్ల ఇచ్చారట. పాతది మాత్రం మొలతాడుకే ఉండిపోయింది.

క్షమించాలి, శాసనసభ దగ్గరికి వస్తాను. కానీ ఈ గేటు లేకపోతే ఆ శాసనసభ లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. మన బరంపురం, పర్లాకిమిడి మద్రాసు నుంచి విడిపోయి ఇటు వచ్చాయి. వాడుక భాష కోసం, సవర భాష కోసం జీవితమంతా ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయింది అప్పుడే. గిరిగారు పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, ఆయన రాజకీయం ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. ఏడాది తిరక్కుండానే 1937 ఎన్నికలు వచ్చాయి. ఆయన ఎక్కడ నిలబడ్డారు? బొబ్బిలిలో. ఎవరి మీద? సాక్షాత్తూ బొబ్బిలి రాజా మీద. ఆ రాజాగారు జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాష్ట్ర ప్రధాని. ఇవాళ ముఖ్యమంత్రి అంటున్న పదవికి అప్పటి పేరు అది. కోట ఆయనది, భూములు ఆయనవి. ఓటు హక్కు కూడా అందరికీ లేదు, ఆస్తో చదువో ఉండాలి. అటువంటి చోట, రాజుగారి సొంత గడ్డ మీద, కూలీల వకీలు గెలిచాడు! కాంగ్రెస్ పెట్టె పసుపు రంగుది. ఆ పసుపు పెట్టెలో చీటీ వేసి బయటికొచ్చిన రైతు మర్నాడు మళ్లీ ఆ జమీందారు పొలంలోనే దిగాలి. ఆ మనిషి గుండె ఎంత గట్టిదో ఒక్కసారి ఊహించండి.

రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖ మంత్రి అయ్యారు. 1939లో యుద్ధం విషయమై కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేసేదాకా ఉన్నారు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మళ్లీ మంత్రి అయ్యారు. మంత్రిగా ఉన్నా ఆయనది ఒకటే మాట. యజమానీ కూలీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రతి తగువూ ప్రభుత్వం తీర్పు కోసం పరిగెత్తకూడదు. 1952లో పర్లాకిమిడి పొరుగునే ఉన్న పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యాక, 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగువులో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని పదవి వదిలేశారు. ఉద్యోగులకిచ్చిన తీర్పు కోసం మంత్రి కుర్చీ దిగిన మనిషి ఆయన.

ఆయన ఓటమి గురించి కూడా చెప్పాలి. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల స్థానం, ఒకటి గిరిజనులకు కేటాయించారు. దానికి ఒక గిరిజన అభ్యర్థి ఎన్నికయ్యాక, మిగిలిన జనరల్ స్థానం కూడా గిరిగారికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన మరో గిరిజన నాయకుడు డిప్పల సూరిదొర గారికే దక్కింది. గిరిగారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో అక్కడా సూరిదొర గారే గెలిచారు. 1961లో ఆ ఇద్దరు సభ్యుల స్థానాల పద్ధతినే పార్లమెంటు తీసేసింది. గిరిగారంటే నాకు ప్రాణం. అయినా ఆ తీర్పే న్యాయమని నా అభిప్రాయం. కొండ మనిషికి ఎక్కువ ఓట్లు వస్తే పెద్ద కుర్చీ అతనిదే. మన ప్రాంతం గర్వపడవలసిన తీర్పు అది.

ఇప్పుడు ఒక చిన్న పని. ముప్పై ఏళ్ల లోపు వాళ్లు, నా వెనక కట్టిన బ్యానరు చదవగలిగినవాళ్లు చేతులెత్తండి. తెలుగు మాట్లాడేవాళ్లు కాదు, చదివేవాళ్లు. ఎత్తండమ్మా, మొహమాటం వద్దు.

నాలుగు. నలుగురే.

నేను చదివిన బడిలో తెలుగు మాస్టారు రిటైరై చాలా కాలమైంది. ఆ కుర్చీలోకి ఇంకొకరు రాలేదు. నేనొక కార్యాలయానికి పదకొండుసార్లు తిరిగాను. మీ పిల్లల సంఖ్య చాలదన్నారు. మాస్టారు లేని బడికి పిల్లలెలా వస్తారండీ అని అడిగాను. జవాబు లేదు. ఒడియావాళ్లతో మనకేం తగువు లేదు. పెళ్లిళ్లకు, ఠాకురాణి జాతరకు కలిసి నడిచే మనుషులం. తమ భాషకు చోటు కోసం ముప్పై ఏళ్లకు పైగా పోరాడి రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లకు మన బాధ అర్థం కాదని నేను అనుకోను. ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. లేనిదేమిటంటే, ఆ మాట పట్టుకుని గేటు దగ్గర నిలబడే మనిషి. మన ఓట్లు అడగడానికి వచ్చేవాళ్లను ఈసారి దండల గురించి కాదు, తెలుగు మాస్టారి గురించి అడగండి.

టైము అయిందని సైగ చేస్తున్నారు. తలుపు పక్కన బల్ల మీద అర్జీ పెట్టాను. పైన ఒడియాలో ఉంది, కింద తెలుగులో ఉంది. సంతకం మాత్రం తెలుగులో పెట్టండి. రాయడం రానివాళ్లు సిగ్గుపడి వెళ్లిపోకండి, నేను అక్కడే కూర్చుంటాను. పలకా బలపం తెచ్చాను. మీ పేరు రాయడం నేర్చుకుని సంతకం పెట్టి వెళ్లండి. ఈ బిళ్ల చూడాలనుకున్న పిల్లలు ముందుకు రండి, చేతిలోకి తీసుకుని చూడొచ్చు.