టీతో వేసుకున్న మాత్ర

శ్రోతలకు నమస్కారం.

నెల తప్పిందన్న సంబరం తీరకముందే కడుపు పోయిన ఆడవాళ్లు మన చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. బయటికి చెప్పుకోరు, అంతే. గర్భం అని తేలినవాటిలో నూటికి 10 నుంచి 20 దాకా ఇలా పోతాయి. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. వాటిలో దాదాపు సగం పిండంలో క్రోమోజోములు సరిగా కుదరక పోయేవే. వాటిని ఏ మందూ ఆపలేదు. ఇవాళ నేను చెప్పేది హార్మోన్ల గురించి. అందుకే ఈ మాట ముందు చెప్పాను.

కూర్మన్నపాలెం నుంచి ఒకమ్మాయి వచ్చింది. రెండుసార్లు కడుపు పోయింది, రెండుసార్లూ ఎనిమిదో వారం దగ్గరే. స్కానింగులో గుండె చప్పుడు కనబడలేదన్నారట. వెంట వాళ్ల అత్తగారు. నేను నోరు తెరవకముందే ఆవిడ అందుకున్నారు: "సింహాచలం మెట్లెక్కొద్దన్నానండి. ఇంటే కదా!"

మెట్లెక్కితే కడుపు పోదమ్మా. స్కూటీ ఎక్కినా, బిందె ఎత్తినా పోదు. ఈ మాట వందసార్లయినా చెబుతాను. బిడ్డ పోయిన బాధ చాలనట్టు ఈ నింద కూడా ఆ పిల్ల మొయ్యాలా?

పాత కాగితాలు తిరగేస్తే థైరాయిడ్ తక్కువని, మాత్రలు రాసినట్టు ఉంది. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే హార్మోను, 9 దాటింది. మాత్ర వేసుకుంటూ ఉంటే అంత ఉండకూడదు. "మానేశావా?" అన్నాను. "ఏటి డాక్టరమ్మా, ఒక్కరోజు కూడా మాన్లేదు, రోజూ ఏసుకుంటన్నాను" అంది. ఎప్పుడు, దేనితో అని అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

భర్తకి స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం. పొద్దున్నే మొదలయ్యే 'ఏ' షిఫ్ట్ ఉన్న రోజుల్లో తెల్లారి నాలుగింటికే లేచి క్యారేజీ కడుతుంది. ఆయనతో పాటు ఓ గ్లాసుడు టీ తాగుతుంది. ఆ టీతోనే థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, మూడూ ఒకేసారి. "ఇడిగా అయితే మర్చిపోతానండి" అంది.

రోజూ శ్రద్ధగానే వేసుకుంది పాపం. కానీ ఐరన్, కాల్షియం పక్కన ఉంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. టీ, కాఫీలు కూడా దాన్ని అడ్డుకుంటాయి. నేను డోసు మార్చలేదు, వేళ మార్చానంతే. మాత్రల స్ట్రిప్పూ, నీళ్ల సీసా దిండు పక్కనే పెట్టుకోమన్నాను. అలారం మోగగానే థైరాయిడ్ మాత్ర ఒక్కటే మంచినీళ్లతో, టీ గంట తర్వాత. ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి అన్నం తిన్నాక. థైరాయిడ్ మాత్రకీ వీటికీ మధ్య నాలుగు గంటలైనా ఉండాలి. ఆరు వారాలకి టీఎస్‌హెచ్ 2.5 లోపలికి దిగింది. ఇప్పుడా అమ్మాయికి ఐదో నెల. ఇదంతా ఆ మాత్ర వేళ మార్చడం వల్లేనని మాత్రం నేను అనను. ఆ పోయిన రెండూ క్రోమోజోముల వల్ల పోయి ఉండొచ్చు కూడా.

హార్మోన్లలో థైరాయిడ్ ఒక్కటే కాదు. షుగర్ అదుపులో లేకపోయినా, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ బాగా పెరిగినా ఇబ్బందే. పీసీఓఎస్, అంటే అండాశయాల్లో నీటిబుడగల సమస్య, ఉన్నవాళ్లలో గర్భం పోవడం కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఇక అందరి నోటా వినిపించేది ప్రొజెస్టిరాన్. అండం విడుదలైన చోట మిగిలే చిన్న గ్రంథి దీన్ని తయారుచేస్తుంది. కొత్త కోడలికి పనులు అలవాటయ్యే దాకా అత్తగారు వంటిల్లు చూసుకున్నట్టు, మాయ ఎదిగే దాకా, అంటే ఏడెనిమిది వారాలు దాటేదాకా, గర్భాన్ని నిలబెట్టేది ఈ గ్రంథే. అందుకని గర్భం రాగానే అందరికీ ఆ మాత్రలు, ఇంజెక్షన్లు ఇవ్వాలా? అక్కర్లేదంటాను. బ్రిటన్‌లో మొదటి నెలల్లో రక్తం కనబడిన నాలుగు వేలమందికి పైగా గర్భిణుల మీద దీన్ని పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు కడుపు పోయినవాళ్లలో, ముఖ్యంగా మూడుసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు పోయినవాళ్లలో, కొంత మేలు కనిపించింది. ఎప్పుడూ పోనివాళ్లలో తేడా కనిపించలేదు. పక్కింటావిడకి ఇచ్చారు, నాకూ రాయండి అని దయచేసి అడక్కండి.

ఇక ముఖ్యమైన మాట. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్నవాళ్లు నెల తప్పిందని తెలిసిన వారంలోనే టీఎస్‌హెచ్ చేయించండి. మూడో నెల స్కానింగు దాకా ఆగొద్దు. మొదటి మూడు నెలలూ బిడ్డ తల్లి థైరాయిడ్ మీదే ఆధారపడుతుంది. చాలామందికి డోసు పావు వంతు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. మీ అంతట మీరు పెంచకండి, మానకండి. గర్భం వచ్చిందిగా, ఇక మందులెందుకని మానేసేవాళ్లూ ఉన్నారు. మానకండి.

ఈ పరీక్షకి పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. ఆ ఒక్క పూట మాత్రం మాత్ర వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోండి. ఉంటాను, నమస్కారం.