నిజాం స్టాంపుల పళ్ళు లెక్కపెడదాం: పెర్ఫ్ చూసి ధర కట్టడం ఎలా?

నమస్కారం అండీ. ఈ రెండు స్టాంపు బిళ్ళలూ చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. రెండూ హైదరాబాద్ నిజాం సంస్థానంవే. రెండూ అర్ధణావే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగు భాషలూ కనిపిస్తాయి. రంగు కూడా అటూఇటూగా ఇటుక రంగే. మరి ధర ఒకటేనా? కాదు. తేడా అంతా అంచుల్లో ఉన్న ఈ పళ్ళ దగ్గరే ఉంది.

పెర్ఫ్ అంటే రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులు పడ్డాయన్న లెక్క. 1866లో పారిస్‌లో లెగ్రాండ్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది. పెర్ఫ్ 12½ అన్నామంటే రెండు సెంటీమీటర్లలో పన్నెండున్నర చిల్లులన్నమాట. పైన, పక్కన కొలతలు వేరైతే '11 x 13½' అని రాస్తారు. ముందు అంకె పైఅంచు, కిందఅంచులది. తర్వాతది పక్క అంచులది. ఇది తిరగేసి చదివారంటే వేరే స్టాంపుకి వేరే ధర కడతారు, జాగ్రత్త.

కొలవడానికి గేజ్ అని, ఒక్కో పెర్ఫ్ అంకెకీ గీతలు గీసిన కొలత పట్టీ దొరుకుతుంది, పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్‌ది మంచిది. స్టాంపుని ట్వీజర్స్‌తో పట్టుకుని, గేజ్ గీతల మీద నెమ్మదిగా పైకీ కిందికీ జరపండి. అంచు మొదటి నుంచి చివరి వరకు ప్రతి చిల్లూ గీత మీద సరిగ్గా కూర్చోవాలి. మొదట్లో కూర్చుని చివరికి పక్కకి జారితే ఆ కొలత కాదని అర్థం. ఇదిగో, నేను 11 దగ్గర పెట్టాను. నాలుగు చిల్లుల వరకు బాగానే ఉంది, ఆ తర్వాత జారిపోయింది. 11½ దగ్గర పెడితే అన్నీ కూర్చున్నాయి.

గేజ్ లేదా? కంగారు పడకండి. పెద్దగా స్కాన్ తీసి, ఒక చిల్లు మధ్య నుంచి పది ఖాళీల అవతల ఉన్న చిల్లు మధ్య వరకు ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. 200ని ఆ అంకెతో భాగించండి. కొలత 16 మిల్లీమీటర్లు వస్తే పెర్ఫ్ 12½. 14.8 వస్తే 13½. 18.2 వస్తే 11. స్టాంపు చిన్నదైతే ఐదు ఖాళీలు కొలిచి రెట్టింపు చేయండి. మామూలు స్కేలుతో మాత్రం చేయకండి, 11కీ 11½కీ మధ్య తేడా పది ఖాళీల మీద కూడా మిల్లీమీటరుకి తక్కువే.

ఇప్పుడు నిజాం స్టాంపుల్లోకి వద్దాం. 1869లో వచ్చిన మొదటి అణా బిళ్ళ లండన్‌లో తయారైంది, దాని పెర్ఫ్ 11½. 1871 నుంచి వచ్చిన సిరీసే మీకు ఎక్కువగా తగిలేది. అదే బొమ్మ చాలా ఏళ్ళు నడిచింది, చిల్లులు వేసే తీరే మారుతూ వచ్చింది. అందులో గరుకైన 11½ ఒకటి, 8 నుంచి 9 మధ్య ఉండే పిన్ పెర్ఫ్ ఒకటి, 12½ ఒకటి. వీటిలో 12½ మామూలుగా దొరుకుతుంది.

కంటితో గుర్తుపట్టడం నేర్చుకుంటే సంతలో సగం పని అయిపోతుంది. భూతద్దం పెట్టి చూడండి. 12½లో చిల్లులు గుండ్రంగా, శుభ్రంగా తెగుతాయి. గరుకు పెర్ఫ్‌లో సూది మొద్దుబారిందేమో అన్నట్టు కాగితం పూర్తిగా ఊడదు, చిన్న చిన్న ముక్కలు వేలాడుతుంటాయి. పిన్ పెర్ఫ్‌లో కాగితం బయటికి రానే రాదు, పొడిచి వదిలేసినట్టు ఉంటుంది. విడదీస్తే అంచు చిరిగినట్టే కనిపిస్తుంది. ఇలాంటి వాటిని పళ్ళు బాగోలేదని పక్కన పడేసేవాళ్ళు ఉన్నారు. మా మేనమామ అయితే కత్తెరతో సాపు చేసి ఆల్బమ్‌లో అంటించాడు. అందంగా ఉంది మరి, ధర లేదు.

తర్వాత వచ్చిన వాటర్‌మార్క్ స్టాంపుల్లో, అంటే వెలుతురుకి పట్టి చూస్తే కాగితంలోనే గుర్తు కనిపించేవాటిలో, 11, 12½, 13½ లాంటి కొలతలే కాదు, వాటి కలయికలు కూడా ఉంటాయి. అందుకే నాలుగు అంచులూ కొలవాలి. ఒక్క అంచు చూసి వదిలేశారంటే మంచి కలయిక చేతిలోంచి జారిపోతుంది.

ఇక చిల్లులే లేని వాటి గురించి. 1854లో కలకత్తాలో అచ్చైన భారత స్టాంపులకి చిల్లులే లేవు, కాబట్టి అంచు సాపుగా ఉండటం మామూలే. కానీ 1931 చార్మినార్ అణా సంగతి వేరు. అది గోధుమరంగు బిళ్ళ, సాధారణంగా పెర్ఫ్ 13½. చిల్లులు లేకుండా వచ్చినవీ ఉన్నాయి, వాటికి మంచి ధర వస్తుంది. అందుకే మోసం కూడా ఇక్కడే ఎక్కువ. నేనూ పడ్డాను. ఒక సంతలో చిల్లుల్లేని అణా అని ఒంటరి బిళ్ళ చూపిస్తే, టెన్షన్‌గా బేరమాడి వెయ్యి రూపాయలకి కొన్నాను. ఇంటికొచ్చి మామూలు అణా పక్కన పెట్టి చూస్తే, ఇది ఒక మిల్లీమీటరు సన్నగా ఉంది! పళ్ళ చివరి నుంచి చివరికి కొలిస్తే ఆ మామూలుదే ఎక్కువ వెడల్పు. అంటే పళ్ళు కోసేశారు. అసలైన చిల్లుల్లేని బిళ్ళ మామూలుదానికంటే వెడల్పుగానైనా ఉండాలి, కనీసం సమానంగానైనా ఉండాలి. అప్పటి నుంచి చిల్లుల్లేనివి విడదీయని జతగా ఉంటేనే కొంటున్నాను. జతలో రెండు బిళ్ళల మధ్య ఖాళీ కాగితం ఉంటుంది, కత్తెరతో దాన్ని పుట్టించలేరు.

ఇంకో మోసం కొత్తగా చిల్లులు వేయడం. ఒకే స్టాంపుకి మూడు అంచులు కాస్త అరిగి మెత్తబడి, నాలుగోది కొత్తగా, పదునుగా ఉంటే అనుమానించండి. అంచు వెంట చిల్లులు వంకరగా నడుస్తున్నా అంతే.

ధర దగ్గర ఒక మాట. కేటలాగ్‌లో ఉన్న అంకె మీ జేబులోకి వచ్చే డబ్బు కాదు. అది మంచి స్థితిలో ఉన్న స్టాంపుకి డీలరు అడిగే ధర. మీరు అమ్మేటప్పుడు అందులో కొంతే వస్తుంది. కాబట్టి అదే పెర్ఫ్, అదే స్థితి ఉన్న స్టాంపు వేలంలో చివరికి ఎంతకి పోయిందో చూడండి. అడిగిన ధర కాదు, పోయిన ధర. తర్వాత పన్ను విరిగిందా, జిగురు ఉందా, ముద్ర మరీ నల్లగా బొమ్మను మింగేసిందా, వెనక కాగితం పల్చబడిందా అన్నది చూసుకోండి. గరుకు పెర్ఫ్ స్టాంపుల్లో పళ్ళు ఎగుడుదిగుడుగా ఉండటం ఆ స్టాంపు గుణమే, దానికోసం మరీ ఎక్కువ తగ్గించకండి. విలువ పెద్దదైతే ధ్రువపత్రం తీసుకున్నాకే కొనండి. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ నిపుణుల కమిటీ లాంటివి పరీక్షించి ఇస్తాయి, ఖర్చవుతుంది. రెండొందల రూపాయల బిళ్ళకి అది దండగే.

సరే, మొదట చూపించిన జంటకి వద్దాం. ఎడమ పక్కది అంతా 12½, శుభ్రంగా తెగింది, మామూలుది. కుడిది నాలుగు అంచులా గరుకు 11½, మూలన ఒక పన్ను పొట్టిగా ఉంది. ఈ రెండోదాన్ని పారదర్శక కవర్లో వేసి, పైన పెన్సిల్‌తో '11½, గరుకు, పన్ను పొట్టి' అని రాసుకుంటున్నాను. స్టాంపు వెనక మాత్రం పెన్సిల్ కూడా పెట్టకండి.