రూల్స్ అందరికీ ఇద్దాం, మరి బొమ్మల సంగతేంది? – నల్లగొండ స్టూడియో చర్చ

సంధానకర్త: నమస్కారం. నలుగురు కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్ర పట్టుకుని కథ నడిపించే రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల గురించి ఈ రోజు చర్చ. వాటిని అచ్చు వేసేవాళ్లకు లైసెన్సుల గొడవ ఒకటి ఉంటుంది, మన మాట దాని మీదే. పాలమూరు నుంచి ఒక యువ ప్రచురణకర్త, ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది, దేవరకొండ వైపు బడిలో పనిచేసే ఉపాధ్యాయుడు వచ్చారు. తమ్ముడూ, మీ పుస్తకం ఎందాక వచ్చింది?

ప్రచురణకర్త: రాచకొండ గుట్టలల్ల, పద్మనాయకుల కాలంల నడిచే కథ అన్నా. రాసుడు అయిపోయింది, బొమ్మలు వచ్చినయి. ప్రింటుకు ఇయ్యబోయి ఆగినం. మేం వాడినయి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే అమెరికా ఆట రూల్స్. 2023ల అయిన లొల్లి గురించి చదివినంక భయం పట్టుకుంది.

సంధానకర్త: ఆ లొల్లి ఏందో చెప్పండి మేడమ్.

న్యాయవాది: ఆ ఆటను అచ్చు వేసే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్ తెచ్చింది. మా రూల్స్ తీసుకుని మీ పుస్తకాలు రాసుకోండి, రాయల్టీ వద్దన్నారు. దాన్ని నమ్ముకుని చాలామంది చిన్న ప్రచురణకర్తలు బతికారు. 2009లో పైజో అనే ఇంకో కంపెనీ వాళ్ల పాత్‌ఫైండర్ ఆట కూడా ఆ లైసెన్స్ మీదే వచ్చింది. 2023 జనవరిలో కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. పాతది ఇక చెల్లదని, ఏడాది రాబడి 7,50,000 డాలర్లు దాటితే దాటినదాని మీద 25 శాతం దాకా కట్టాలని అందులో ఉంది. పాత లైసెన్స్ శాశ్వతమే, కానీ వెనక్కి తీసుకోబోమన్న హామీ అందులో ఎక్కడా లేదు. ఆ సందులోంచే దూరారు.

ఉపాధ్యాయుడు: జనం ఊకున్నరా మరి?

న్యాయవాది: ఊరుకోలేదు. అదే నెల 27న కంపెనీ వెనక్కి తగ్గి, తమ ఆట 5.1 రూల్స్ పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ బై 4.0 కింద పెట్టేసింది, అంటే ఎవరిదో పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్స్. షరతులు పాటించినంత కాలం దాన్ని ఎవరూ గుంజుకోలేరు, ఆ మాట లైసెన్సులోనే రాసి ఉంది.

ప్రచురణకర్త: అంటే మాకు ఢోకా లేనట్టేనా?

న్యాయవాది: రూల్స్ వరకు లేదు. ఎవరి పత్రం నుంచి తీసుకున్నారో చెప్పే వాక్యం వాళ్లే ఇచ్చారు, దాన్ని ఉన్నదున్నట్టు పుస్తకంలో వేయండి. మార్పులు చేస్తే చేశామని చెప్పండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరూ లోగో మాత్రం అట్ట మీదికి రాకూడదు, అవి ట్రేడ్‌మార్కులు. ఫిఫ్త్ ఎడిషన్‌కు, అంటే ఆ ఆట ఐదో కూర్పుకు, సరిపోతుందని రాసుకోవచ్చు, ఆ పత్రమే ఒప్పుకుంది.

ఉపాధ్యాయుడు: నాకో అనుమానం మేడమ్. అసలు ఆట రూల్‌కు కాపీరైట్ ఉంటదా? పులిజూదం ఎవరి సొత్తు?

న్యాయవాది: మంచి ప్రశ్న. ‘బురుజు ఎక్కాలంటే ఇరవై ముఖాల పాచిక వేసి 15 తెచ్చుకోవాలి’ అన్న పద్ధతి ఎవరి సొత్తూ కాదు. ఆలోచనకు కాపీరైట్ లేదని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. కానీ ఆ బురుజు మీద నాచు ఎట్లా పట్టింది, కావలివాడు ఏ మూల కునుకు తీస్తున్నాడు అని ఈ తమ్ముడు రాసిన పేరా ఉంది చూడండి, అది ఆయనదే. ఒకే పేజీలో రెండూ కలిసి ఉంటాయి. అందుకే ఏది అందరికీ ఇస్తున్నారో, ఏది మీకే ఉంచుకుంటున్నారో పేజీ పేజీకి తెలిసేలా అచ్చు వేయాలి. రూల్స్‌ను గీతల పెట్టెలో పెట్టండి, పెట్టెలో ఉన్నదే అందరికీ అని మొదటి పేజీలో చెప్పండి.

ప్రచురణకర్త: మా రూల్స్ ఇస్తం మేడమ్, కాకపోతే వ్యాపారానికి వాడొద్దని పెడదామనుకున్నం. పెద్దోళ్లు ఎవరన్న ఎత్కపోయి అమ్ముకుంటే?

ఉపాధ్యాయుడు: అట్ల పెడితే, నీ రూల్స్ మీద ఒక పోరడు చిన్న కథ రాసి యాభై రూపాయలకు అమ్మినా తప్పయితది కద. ఇంక రాసేటోళ్లు యాడికెళ్లి పుడ్తరు?

న్యాయవాది: సార్ అన్నదే నిజం. మీ భయానికి వేరే మందుంది, షేర్ అలైక్. వాడుకోండి, అమ్ముకోండి, కానీ మార్చి బయటపెడితే దాన్నీ ఇదే లైసెన్స్ కింద ఇవ్వండి అన్న షరతు. పైజో వాళ్లు 2023 జూన్‌లో తెచ్చిన ఓఆర్‌సీ (ఓపెన్ ఆర్‌పీజీ క్రియేటివ్) లైసెన్స్ దారి కూడా దగ్గర దగ్గర అదే. రూల్స్ అందరికీ పోతాయి, పాత్రలూ కథా రచయితకే ఉంటాయి. మీ పెట్టెలకు షేర్ అలైక్ చాలని నా సలహా. కథకూ బొమ్మలకూ సర్వహక్కులు మీవేనని వేయండి.

సంధానకర్త: బొమ్మలు అన్నారు. అవి ఎవరు గీశారు?

ప్రచురణకర్త: గద్వాల దోస్తు. పైసలిచ్చినం. వాడుకో అన్నడు, గంతే.

న్యాయవాది: అసలు ప్రమాదం ఇక్కడుంది. మన 1957 కాపీరైట్ చట్టంలో 19, 30ఏ సెక్షన్లు చదవండి. ఒప్పందంలో కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. లైసెన్స్ కాగితం మీద ఉండాలని 30వ సెక్షన్ చెబుతుంది. రేపు అమెరికాలో ఈ-బుక్ అమ్మినా, ఆరో ఏట మళ్లీ అచ్చు వేసినా మీ చేతిలో హక్కు ఉందని గట్టిగా చెప్పలేరు. బొమ్మతో సహా పేజీ మొత్తం అందరికీ ఇస్తానన్నారనుకోండి, మీది కానిదాన్ని దానం చేసినట్టే. అమెరికా కంపెనీ ఏం చేస్తుందోనని భయపడ్డారు, దోస్తుతో కాగితం రాసుకోవడం మరిచారు.

ఉపాధ్యాయుడు: ఇంకొకటి. పుస్తకంల ఒగ్గుకథ ముక్క ఉందన్నవు గద?

ప్రచురణకర్త: ఉంది సార్. ఒక పెద్దమనిషి చెప్తుంటే రికార్డు చేసుకున్నం.

న్యాయవాది: తరతరాల మల్లన్న కథ ఎవరిదీ కాదు, మీదీ కాదు. దాని మీద మీరు సర్వహక్కులు అని ముద్ర వేయకండి. కానీ ఆయన చెప్పిన ఆ ప్రదర్శనకు 38వ సెక్షన్ కింద 50 ఏళ్ల హక్కు ఉంది. సొంతంగా కట్టిన పదాలుంటే అవి ఆయన రచనే. రికార్డు చేయడానికీ, అచ్చుకూ ఒప్పుకున్నట్టు రాయించుకోండి, పేరు వేయండి, ఆయనకు రావాల్సింది ఇవ్వండి. ఆయన కాదంటే తీసేయండి.

సంధానకర్త: సార్, మీ పిల్లలకు ఈ ఆట కావాలా?

ఉపాధ్యాయుడు: కావాలె. ఎనిమిదో తరగతికి జిరాక్స్ తీసి ఇద్దామనుకుంటున్న. ఇయ్యొచ్చా తమ్మీ?

ప్రచురణకర్త: పెట్టెలల్ల ఉన్న రూల్స్ రేపే పంపిస్త సార్, ఎన్నన్న తీసుకోండ్రి. బొమ్మల పేజీలు మాత్రం గద్వాల పోయి కాగితం రాసుకొచ్చినంక.