సంతకం నాయినది, చెయ్యి కొడుకుది: ఎక్కడ చెల్లుతది, ఎక్కడ చెల్లదు

[దృశ్యం: నల్గొండ జిల్లాలో ఒక ఊరు, పగటిపూట. గేటు ముందర పోస్ట్‌మన్, చేతిలో కవరు.]

పోస్ట్‌మన్: యాదయ్య ఉన్నడా?

అబ్బాయి: నాయిన పొలం కాడికి పోయిండు సార్. నాకియ్యండి.

పోస్ట్‌మన్: ఇగో, ఈడ సంతకం పెట్టు.

[క్లోజప్: రసీదు కాగితం. అబ్బాయి 'యాదయ్య' అని రాస్తున్నాడు. నాయిన రాసినట్టే 'య' కింద ఒత్తును సాగదీసి, చివర గీత కొడతాడు. కవరు టీవీ మీద పెట్టి బయటికి పోతాడు.]

వాయిస్: ఈ గీత దగ్గర ఆగుదాం. ఆ కవరులో ఉన్నది ఎరువుల దుకాణం వాళ్లు పంపిన లీగల్ నోటీసు అనుకోండి. యాదయ్య ఇచ్చిన చెక్కు బౌన్సయింది. నోటీసు అందిన రోజు నుంచి 15 రోజుల్లోపు డబ్బు కట్టాలి, లేకపోతే చెక్కుల చట్టం సెక్షన్ 138 కింద కేసు వేయొచ్చు. యాదయ్యకేమో కవరు సంగతే తెలియదు. రసీదు మీద మాత్రం ఆయన పేరు, ఆయన గీత ఉన్నాయి. 'నాకు అందలేదు' అని తర్వాత కోర్టులో అంటే, ముందు కొడుకు చేసిన పని బయటపెట్టాలి.

కవరు తీసుకోవడంలో తప్పు లేదు. నాయిన చేతిరాతను గీయడమే తప్పు. ఆ రసీదు మీద రాయాల్సింది ఇదీ.

[తెర మీద, చేతిరాతలో ఒక్కొక్క వరుసగా:
యాదయ్య తరఫున
(అబ్బాయి సొంత సంతకం)
మహేశ్, కొడుకు
తేదీ, సమయం]

వాయిస్: ఈ నాలుగు వరుసలు గుర్తుంచుకోండి, ముందుముందు చాలా చోట్ల ఇవే పనికొస్తాయి. ఎవరి తరఫునో వాళ్ల పేరు. కింద మన సంతకం, మనం ఎప్పుడూ పెట్టేదే. మన పేరు, వాళ్లకు మనం ఏమవుతామో. చివరికి తేదీ. చోటు ఇరుకైతే 'యాదయ్య త.ఫు. మహేశ్' అని కుదించి రాసినా నడుస్తది. సమయం ఎందుకంటే, గడువు లెక్క వచ్చినప్పుడు ఆ ఒక్క ముక్కే దారి చూపిస్తది.

[దృశ్యం మార్పు: ఖాళీ బల్ల, దాని మీద ఒక పెన్ను.]

వాయిస్: 'మా నాయినే పెట్టమన్నడు, ఇంకేంది?' అని చాలామంది అడుగుతారు. చట్టం కూడా ఆ ప్రశ్నతోనే మొదలుపెడతది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఫోర్జరీ కావాలంటే దురుద్దేశం గానీ, మోసం చేసే ఆలోచన గానీ ఉండాలి. పైగా, ఆ మనిషి పెట్టలేదని, పెట్టమనలేదని తెలిసి కూడా, ఆయనే పెట్టినట్టో పెట్టమన్నట్టో ఎదుటివాళ్లను నమ్మించాలనే ఉద్దేశం ఉండాలి. సెక్షన్ 336 కింద మామూలు ఫోర్జరీకి 2 ఏళ్ల వరకు జైలు. వీలునామా, ప్రామిసరీ నోటు, డబ్బు ముట్టిన రసీదు లాంటివైతే సెక్షన్ 338 వర్తిస్తది. అందులో 10 ఏళ్ల దాకా, లేదంటే యావజ్జీవం కూడా పడొచ్చు.

కాబట్టి నిజంగా పెట్టమని చెప్పి ఉంటే అది నేరం కాకపోవచ్చు. చిక్కంతా చెప్పినట్టు చూపించడంలో ఉంది. అన్నదమ్ములు కలిసున్నన్నాళ్లు 'అన్నే పెట్టమన్నడు' అనే మాట చెల్లుతది. భూమి పంచుకునే రోజు వచ్చాక అదే మాటకు సాక్ష్యం అడుగుతారు. అప్పుడు గీసిన సంతకం దోషిలా నిలబడితే, 'తరఫున' అని రాసిన సంతకం మన వైపు మాట్లాడతది.

[తెర మీద: 'అప్పు కాగితం']

వాయిస్: ఒక్క చోట మాత్రం తలకిందులవుతది, జాగ్రత్త. ప్రామిసరీ నోటు మీద అన్న కోసం తమ్ముడు తన సొంత పేరుతో సంతకం చేసి, 'తరఫున' అనే మాట మరిచిపోతే, అప్పు తమ్ముడి మెడకే చుట్టుకుంటది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, సెక్షన్ 28. ఇంకొకరి కోసం పెడుతున్నానని కాగితం మీద చెప్పకపోతే, పెట్టినోడే బాధ్యుడు. చెక్కుకైనా ఇంతే. అప్పు తీసుకునే మనిషి ఊర్లో లేకపోతే నోటు ఆయన వచ్చినాకనే రాసుకోండి. రెండు రోజులు ఆలస్యమైతే కొంపలేమీ మునగవు.

[దృశ్యం: బ్యాంకు కౌంటర్. విత్‌డ్రాయల్ ఫారం, పక్కన కంప్యూటర్ తెర మీద నమూనా సంతకం.]

వాయిస్: బ్యాంకులో 'తరఫున' అని రాసినా పని కాదు. ఖాతా తెరిచిన రోజు ఇచ్చిన నమూనా సంతకంతో కలవాలి, అంతే. కలవకపోతే చెక్కు వాపసు పోతది. సంతకం తేడా వల్ల వాపసు పోయిన చెక్కు మీద కూడా 138 కేసు నడుస్తదని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. అచ్చం అట్లనే గీసి కలిపేస్తే మాత్రం పైన చెప్పిన ఫోర్జరీ చిక్కులోకి పోవచ్చు, ఆ డబ్బు అమ్మ మందులకే ఖర్చయినా సరే.

మరి అమ్మ మంచం మీద ఉంది, చెయ్యి వణుకుతుంది, సంతకం రావట్లేదు. ఏం చేయాలె? దీనికి రిజర్వ్ బ్యాంకు పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కౌంటర్లో అడిగితే అందరూ చెప్పరు గనక మీరే తెలుసుకుని పోండి.

[క్లోజప్: ఫారం మీద వేలిముద్ర, పక్కన రెండు సంతకాలు.]

సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర వేయొచ్చు. చేతి వేలు పనిచేయకపోతే కాలి బొటనవేలి ముద్ర వేసినా చెల్లుతది. దాన్ని బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బ్యాంకు బాధ్యతగల ఉద్యోగి అయి ఉండాలి. ముద్ర కూడా వేయలేని స్థితైతే ఒక గుర్తు పెట్టించినా సరిపోతది, సాక్షులు అట్లనే ఇద్దరు. డబ్బు తీసుకొచ్చేది ఎవరో ఖాతాదారే సూచించాలి. ఆ మనిషిని కూడా ఇద్దరు సాక్షులు గుర్తించాలి, ఆయన సంతకం బ్యాంకుకు ఇవ్వాలి. మంచం మీద ఉన్నామె బ్యాంకుకు రాలేదు కాబట్టి, మేనేజరుకు అర్జీ రాసి ఉద్యోగిని ఇంటికి పంపమనండి. అర్జీకి జిరాక్సు తీసి, దాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి.

ఇంత దూరం రాకముందే చేసుకోదగ్గ పనులు రెండున్నాయి. ఒకటి, ఖాతాను జాయింటుగా మార్చుకుని 'ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు' అనే షరతు పెట్టించడం. అప్పుడు కూతురు తన సంతకంతోనే తీస్తది. రెండోది మాండేట్. ఖాతా అమ్మదే ఉంటది, నడిపే అధికారం మాత్రం కూతురికి రాసిస్తారు, కూతురి నమూనా సంతకం బ్యాంకు తీసుకుంటది. ఆస్తి వాటాల పేచీ ఉన్న ఇంట్లో మా ఓటు మాండేట్‌కే, ఎందుకంటే జాయింటులో ఆ డబ్బు ఎవరిదన్న గొడవ తర్వాత మొదలవుతది.

మాండేట్ అయినా, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన బదులు పనులు చేసే అధికారం ఇంకొకరికి రాసిచ్చే పత్రం) అయినా, రాసిచ్చిన మనిషి పోయిన క్షణంలో ఆగిపోతది. చనిపోయిన నాయిన చెక్కు బుక్కులో మిగిలిన చెక్కు మీద దినాల ఖర్చుకని సంతకం చేసుకునే ఇండ్లు ఉన్నాయి. వద్దు. బ్యాంకు రికార్డులో చెక్కు తేదీ, మరణ ధ్రువీకరణలో తేదీ పక్కపక్కన పెడితే చాలు, మిగతా వారసుల్లో ఎవరికి కోపమొచ్చినా కేసే. మరణం 21 రోజుల్లో నమోదు చేయించి, ఆ కాగితంతో నామినీ క్లెయిము పెట్టుకోవాలి.

[దృశ్యం: పాలమూరు జిల్లాలో ఒక ఇల్లు. అరుగు మీద ఇంకు ప్యాడు, తెల్ల కాగితం, పాత గుడ్డ ముక్క. పెద్దామె చెయ్యి.]

వాయిస్: ఇప్పుడు నిశాని, అంటే వేలిముద్ర గురించి నిదానంగా చూద్దాం. చదువు రానామె సంతకాన్ని మనవరాలు రాసేయడం కన్నా ఆమె వేలిముద్రే వెయ్యి రెట్లు బలం. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోనే ఉంది: రాయలేని మనిషి పెట్టిన గుర్తు కూడా సంతకమే.

పత్తి తీసిన వేళ్లు, సిమెంటు కలిపిన వేళ్లు అరిగి ఉంటాయి. ముందు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. తడి ఉంటే ఇంకు పాకుతది. ఎడమ చేతి బొటనవేలు. ప్యాడు మీద మెల్లగా ఆనించాలి.

[క్లోజప్: మొదటి ముద్ర, మొత్తం నల్లటి మచ్చ.]

ఇదిగో, గట్టిగా ఒత్తితే ఇట్లయితది. గీతల మధ్య సందుల్లోకి ఇంకు దిగి మచ్చ మిగులుతది, ఎవరి వేలో నిపుణుడు కూడా చెప్పలేడు. అందుకే మొదటి ముద్ర చిత్తు కాగితం మీద వేసి ఎక్కువ ఇంకు వదిలించుకోండి. రెండోది అసలు కాగితం మీద. గోరు ఒక అంచు నుంచి రెండో అంచు దాకా ఒక్కసారే దొర్లించి, పైకి ఎత్తేయాలి. వెనక్కి మళ్లీ దొర్లిస్తే గీతలు రెండుసార్లు పడతాయి.

[క్లోజప్: రెండో ముద్ర. గీతలు విడివిడిగా కనిపిస్తున్నాయి. చుట్టూ రాత పడుతుంది: పైన 'నిశాని', కింద 'బాలమణి, ఎడమ బొటనవేలి ముద్ర'.]

ముద్ర అక్షరాల మీద పడకూడదు. పేరు ముద్ర చుట్టూ రాయాలి. రాసిన మనిషి 'దస్తూరి' అని తన పేరు వేసుకోవాలి. దాని పైన ఈ వాక్యం తప్పనిసరిగా ఉండేటట్టు చూడండి: 'పై విషయమంతా నాకు తెలుగులో చదివి వినిపించగా విని, ఒప్పుకుని నిశాని వేసినాను.' ఊరికే రాసుడు కాదు, నిజంగానే చదివి వినిపించాలి. ఖాళీ కాగితం మీద నిశాని ఎవరడిగినా వేయనియ్యకండి, సొంత తమ్ముడైనా సరే.

[తెర మీద: 'మహిళా సంఘం, వడ్ల కొనుగోలు కేంద్రం, బడి']

వాయిస్: ఈ మూడూ చిన్నవే, కానీ వారం వారం ఎదురయ్యేవి. సంఘం మీటింగుకు రాని సభ్యురాలి గడిలో పక్కనున్నామె సంతకం చేసేస్తది, 'పాపం, ఫైను పడతది' అని. ఆ రోజు తీర్మానం లోను గురించైతే, రేపు 'నేను తీసుకోలే' అని ఆమె అంటే సంఘమంతా ఇరుక్కుంటది. 'గైర్హాజరు' అని రాయండి. లోను తీర్మానం ఆమె వచ్చినాకనే పూర్తి చేయండి.

కౌలు రైతు వడ్లు యజమాని పాస్‌బుక్కు మీద అమ్మితే డబ్బు యజమాని ఖాతాలో పడతది. సంతకం ఎవరు గీసినా డబ్బు దారి మారదు. అందుకే కాంటా కాకముందే ఇద్దరూ ఒక కాగితం రాసుకోవాలి: ఎన్ని ఎకరాలు, ఎన్ని బస్తాలు, డబ్బు పడ్డాక ఎన్ని రోజుల్లో ఎంత ఇయ్యాలె.

అమ్మానాయిన ముంబైలో పనికి పోయి, పిల్లలు అమ్మమ్మ దగ్గరుంటే ప్రోగ్రెస్ కార్డు మీద పిల్లలే నాయిన పేరు గీస్తారు. అమ్మమ్మ నిశాని వేస్తే చాలు. బడి తెరిచే జూన్‌లోనే హెడ్మాస్టరుకు 'మేము లేనప్పుడు ఫలానామె సంరక్షకురాలు' అని ఒక పత్రం ఇచ్చిపోవాలి.

[దృశ్యం: ఆసుపత్రి వరండా. సమ్మతి పత్రం.]

వాయిస్: ఆపరేషన్ సమ్మతి పత్రం మీద రోగి పేరు గీయకండి. 18 ఏళ్లు నిండి తెలివితో ఉన్న రోగి అయితే సమ్మతి ఆమెదే. మత్తులో ఉన్న పెద్ద మనిషి బదులు తల్లి ఒప్పుకుంటే, ప్రాణాపాయం లేనప్పుడు అది చెల్లదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. రోగి తెలివిలో లేక, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మీ సొంత పేరు, ఏమవుతారో, తేదీ, సమయం. ఏ ఆపరేషనో తెలుగులో అడిగి, ఖాళీగా ఉన్న వరుసలు నింపించినాకనే పెన్ను పట్టండి.

[తెర మీద: 'భూమి పని: జీపీఏ']

వాయిస్: రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇంకొకరి బదులు పత్రం దాఖలు చేయాలంటే మామూలు ఉత్తరం పనికిరాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 ప్రకారం పవర్ ఆఫ్ అటార్నీని సబ్ రిజిస్ట్రార్ ముందర రాసి, ఆయన చేత ధ్రువీకరించుకోవాలి. దీని కోసం ఊరికి రానక్కరలేదు. పుణెలో ఉంటున్న మనిషి తాను ఉండే చోటి సబ్ రిజిస్ట్రార్ ముందరే చేసుకోవచ్చు. దుబాయిలో ఉంటే భారత కాన్సులేట్‌లో. ఆ కాగితం ఇండియాకు వచ్చిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, ఇది మరిచిపోయి తిప్పలు పడేవాళ్లు ఎక్కువ. మనిషి బతికే ఉన్నాడని రుజువు కూడా అడగొచ్చు, సిద్ధంగా ఉంచుకోండి. జీపీఏ చేతిలో ఉంటే భూమి కొన్నట్టు కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

వీలునామాలో మాత్రం చట్టమే వెసులుబాటు ఇచ్చింది. రాసే మనిషి ఎదుటనే, ఆయన చెప్తేనే, ఇంకొకరు ఆయన బదులు సంతకం చేయొచ్చు. సాక్షులు కనీసం ఇద్దరు. ఆస్తి వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టుకోకుంటేనే మంచిది. అఫిడవిట్‌కు ఈ వెసులుబాటు లేదు. అది ప్రమాణం, ఇంకొకరి నోటితో చేయలేరు.

[దృశ్యం: ఫోను. తెర మీద ఓటీపీ వస్తుంది. వెనక నుంచి గొంతు: 'పెద్దమ్మా, నంబరొచ్చిందా? చెప్పు.']

వాయిస్: ఆధార్ ఓటీపీతో ఇప్పుడు కాగితాల మీద ఈ-సంతకం పడుతుంది. నంబరు చెప్పడమంటే పెన్ను ఇచ్చినట్టే. ఇంకొకరి ఓటీపీ, పాస్‌వర్డు మోసంతో వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సీ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష దాకా జరిమానా. మీసేవలో గానీ, దుకాణంలో గానీ నంబరు చెప్పే ముందు ఫోను మీద వచ్చిన మెసేజ్ మొత్తం చదివించుకోండి, అది ఎందుకొచ్చిందో అందులోనే ఉంటది.

[దృశ్యం: సాయంత్రం, బస్టాండు. సంచులు, మూటలు. బెంచీ మీద ఒకాయన ఒడిలో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని కాగితం రాస్తున్నాడు.]

వాయిస్: వలస పోయే ఇంటివాళ్లు బస్సెక్కే ముందు అధికార పత్రం ఒకటి రాసిపెట్టి పోండి. పోస్టాఫీసు, బడి, కరెంటు ఆఫీసు, గ్యాస్ లాంటి పనులకు సరిపోతది. అందులో ఉండాల్సినవి: ఎవరికి ఇస్తున్నారు, ఏ పనికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. కింద ఆ మనిషి సంతకం, దాని పక్కన 'పై సంతకం వీరిదే' అని మీ సంతకం. మీ ఆధార్ జిరాక్సు మీద అడ్డంగా 'ఫలానా పనికి మాత్రమే' అని రాసి తేదీ వేయండి. 'అన్ని పనులకు' అని మాత్రం రాయకండి. ఒక్కో పనికి ఒక్కో కాగితం రాసి, అన్నిటికీ జిరాక్సులు తీసి ఒక సెట్టు మీ వెంట తీసుకుపోండి.

[క్లోజప్: కవరు అమ్మమ్మ చేతికి అందుతుంది. ఆమె దాన్ని కొంగున చుట్టుకుంటుంది. బస్సు కదులుతుంది.]