విన్నది తిరిగి చెప్పించడం: ఇంట్లో చదువు చెప్పే అమ్మలకు ఒక పాత పుస్తకం నేర్పేది

నమస్తే అక్కలూ. ఈరోజు ఒక్క పద్ధతి గురించే చెప్తా, దాన్ని నరేషన్ అంటారు, మన మాటల్లో విన్నది తిరిగి చెప్పించడం. పిల్లోనికి ఒక కథో పాఠమో ఒక్కసారి చదివి వినిపించాల, పుస్తకం మూసేయాల, "ఇప్పుడు నువ్వు చెప్పు నాయనా" అనాల. వాడు చెప్తా ఉంటే మధ్యలో అందించకూడదు, దిద్దకూడదు, ఏమన్నా ఉంటే అంతా అయినాక మాట్లాడుకోవాల.

హోమ్ స్కూలింగ్ మొదలుపెట్టిన మొదటి ఏడాది నేను చేసింది దీనికి పూర్తి రివర్స్. మావాడికి అప్పుడు ఏడేళ్లు, కట్టలు కట్టలు వర్క్‌షీట్లు ప్రింట్ తీయించి ముందర పెట్టేదాన్ని, ఖాళీలు పూరించేవాడు, "అర్థమయిందా" అంటే తల ఊపేవాడు, మర్నాడు అడిగితే ఒక్క ముక్క గుర్తుండేది కాదు. స్కూలు మాన్పించి తప్పు చేసినానేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు నాకు.

అప్పుడు చేతికొచ్చింది చార్లెట్ మేసన్ పుస్తకం. ఈమె ఇంగ్లాండ్ టీచరమ్మ, 1842లో పుట్టి 1923లో చనిపోయింది, పెళ్లి చేసుకోలేదు, సొంత పిల్లలు లేరు. బ్రాడ్‌ఫర్డ్ ఊర్లో ఆడవాళ్లకి ఇచ్చిన ఉపన్యాసాలే 1886లో 'హోమ్ ఎడ్యుకేషన్' అని పుస్తకంగా వచ్చినాయి, మరుసటి ఏడాది తల్లిదండ్రుల సంఘం ఒకటి మొదలయింది, 1892లో ఆంబుల్‌సైడ్‌లో ట్రైనింగ్ కాలేజీ పెట్టింది. మొత్తం ఆరు పుస్తకాలు ఈ వరసలో, పాతవి కదా, నెట్‌లో ఫ్రీగానే దొరుకుతాయి. ఆమె మాటలన్నిటికీ మూలం ఒకటే: బిడ్డ పుట్టుకతోనే ఒక మనిషి, మనం నింపాల్సిన ఖాళీ డబ్బా కాదు.

తిరిగి చెప్పించడం ఎందుకు పనిచేస్తుందో చూడండి. వర్క్‌షీట్‌లో ఏది ముఖ్యమో, ఏది ముందో ఏది వెనకో, అదంతా తయారు చేసినోళ్లే ఆలోచించి పెట్టేసింటారు, పిల్లోనికి మిగిలేది ఖాళీలో ఒక మాట రాయడమే. అదే నోటితో చెప్పాలంటే వాడే వరస పెట్టుకోవాల, వాడే మాటలు వెతుక్కోవాల, దానికీ దీనికీ ముడి వాడే వేసుకోవాల. పైగా ఒక్కసారే చదువుతారని తెలుసు కాబట్టి చెవులు అక్కడే పెడతాడు. ఆరేళ్లు నిండేదాకా ఇట్లా అడగొద్దు అంటుందామె, అంతకంటే చిన్నోళ్లు వాళ్లంతట వాళ్లు చెప్తే వినాలంతే. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఏ పాఠమైనా 20 నిమిషాలు దాటకూడదు అని కూడా రాసింది, నేను గంటగంట కూర్చోబెట్టిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇంకోటి, దయచేసి తెలుగులో చెప్పించండి. మావాణ్ణి ఇంగ్లీషులో చెప్పమంటే రెండు వాక్యాలకి ఆగిపోయేవాడు, అదే కథ వాళ్ల జేజికి చెప్పేటప్పుడు నక్క ఎట్లా నడిచిందో కూడా చేసి చూపించినాడు.

[నోట్‌బుక్ పేజీ దగ్గరగా చూపించాలి]

ఇది చూడండి. పోయిన ఆగస్టులో అనంతపురం దగ్గర మా అన్నోళ్ల చేన్లో చూసి మావాడు వేసిన బొమ్మ. చెనిక్కాయ, అదే వేరుశెనగ, చెట్టుకి పసుప్పచ్చ పువ్వు పైన పూస్తుంది, పువ్వు వాడినాక అక్కడి నుంచి సన్నగా ఊడ కిందికి దిగి మట్టిలోకి పోతుంది, కాయ ఊరేది ఆ ఊడ కొసన, మట్టి లోపల. మావాడు బోర్లా పడుకోని ఒక ఊడని వేలితో పట్టుకోని "మా, ఇది వేరు కాదు మా, పైనుంచి వస్తా ఉంది" అన్నాడు. నేను ఒక్క మాట చెప్పలేదు. రాత్రి ఇంటికొచ్చి వాళ్ల నాయనకి అంతా చెప్పినాడు, వాన లేకపోతే నేల గట్టిపడి ఊడ దిగదు అని మామ చెప్పింది కూడా కలుపుకోని.

మేసన్ అయితే ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా బాగున్న రోజున నాలుగు నుంచి ఆరు గంటలు పిల్లల్ని బయటే ఉంచమంటుంది. అది ఇంగ్లాండ్ ఎండ అక్కా. మన ఏప్రిల్, మే నెలల్లో అట్లా చేస్తే పిల్లోళ్లు పడిపోతారు, కాబట్టి మేము పొద్దున ఎనిమిది లోపల, మళ్లీ సాయంత్రం పొద్దు వాలినాక. పాత పుస్తకం చదివేటప్పుడు ఈ పని మనమే చేసుకోవాల, ఆమె మతం పాఠాలు, ఆమె దేశం పూలు, ఆ కాలం దొరల ఇళ్ల పద్ధతులు పక్కన పెట్టేసి అడుగున ఉన్న విషయం పట్టుకోవాల.

అలవాట్ల గురించి ఆమె చెప్పిన ఒక చిన్న సంగతి నాకు చాలా ఇష్టం. జానీ అని ఒక పిల్లోడు తలుపు వేయకుండా పోతాంటాడు. తల్లి "తలుపు వెయ్" అని అరవదు, వెనక్కి పిలిచి, "గుర్తు చేస్తానని చెప్పినా కదా" అని ప్రేమగా అంటుంది, పని మాత్రం వానికే వదిలేస్తుంది. నేను మా ఇంట్లో చెప్పుల దగ్గర ఇదే చేసినా. ఒకటే అలవాటు, నెలన్నర పట్టింది, మధ్యలో రెండుసార్లు అరిచినా, మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నా.

ఇంగ్లీషు కష్టం అనుకునేవాళ్లు గిజుభాయిని చదవండి. గుజరాత్‌లో వకీలు పని చేసి, కొడుకు పుట్టినాక వాడి చదువెట్లా అని ఆలోచించి ఈ దారిలోకి వచ్చినాయన, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టినారు. ఆయన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల' పేరుతో ఉంది. అందులో మాస్టరు మొదటి రోజు పిల్లలతో మౌనం ఆట ఆడిద్దామనుకుంటాడు, వాళ్లు ఇంకా గోల చేస్తారు, చేసేది లేక ఇంటికి పంపించేస్తాడు. మర్నాడు కథతో మొదలుపెడతాడు. మొదటి రోజు ఓడిపోయిన సంగతి దాచుకోకుండా రాసినారు చూడండి, నాకు అదే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

పరీక్షల సంగతి అందరూ అడుగుతారు: 14 ఏళ్లు నిండితే ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాయొచ్చు, దాని గురించి వేరే వీడియో చేస్తా.

మేము నలుగురం అమ్మలం శనివారం శనివారం మా మిద్దె మీద కూర్చోని మేసన్ పుస్తకం చదువుతాం, వారానికి ఐదారు పేజీలే. ఒకరు చదువుతారు, పుస్తకం మూస్తారు, ఇంకొకరు తిరిగి చెప్పాల, అవును, మాక్కూడా అదే రూలు. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు రెండు నిమిషాలు నోరు పెగల్లేదు, పిల్లోని కష్టం ఏందో అప్పుడు తెలిసింది నాకు. ఈ వారం అలవాట్ల భాగం అయిపోతుంది, చెల్లెలొకామె చెప్పాల్సిన వంతు.