తెల్ల చుక్క ఎక్కడ పెట్టాలి? బాండ్ ఫ్యాన్స్ తెగని గొడవ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో డేనియల్ క్రెయిగ్ జేమ్స్ బాండ్‌గా చేసిన సినిమాల సస్పెన్సులన్నీ బయటపడిపోతాయి. ఆఖరిది వచ్చింది 2021లో. ఇంకా చూడనివాళ్లు ఉంటే ఇక్కడే ఆపేసి, చూసి రండి. నేనెక్కడికీ పోను.

సరే, ఒక చిన్న చుక్కతో మొదలుపెడదాం. నల్లటి స్క్రీన్ మీద తెల్ల చుక్క ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. జరిగి జరిగి తుపాకి గొట్టం అవుతుంది. ఆ గొట్టంలోంచి చూస్తుంటే ఒకడు తాపీగా నడుచుకుంటూ వస్తాడు, గిరుక్కున తిరిగి మనవైపే కాలుస్తాడు. పైనుంచి ఎర్రగా రక్తం కారుతుంది. 1962లో మొదటి బాండ్ సినిమా డాక్టర్ నోతో మొదలైన ముచ్చట ఇది. ఇంకో సంగతి, మొదటి మూడు సినిమాల్లో ఆ నడిచి వచ్చేది బాండ్‌గా చేసిన షాన్ కానరీ కాదు, బాబ్ సిమన్స్ అనే స్టంట్‌మ్యాన్. టోపీ పెట్టుకున్నాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నలభై ఏళ్లు ఆ చుక్క సినిమా మొదట్లోనే వచ్చింది. 2006లో క్యాసినో రాయల్‌కి వచ్చేసరికి దాన్ని పట్టుకెళ్లి ఒక బాత్రూమ్ ఫైటు చివర్లో పెట్టారు. ఆ తర్వాతి రెండు సినిమాల్లో, క్వాంటమ్ ఆఫ్ సొలేస్‌లోనూ స్కైఫాల్‌లోనూ, సినిమా అంతా అయిపోయాక వచ్చింది. దీని మీద ఫ్యాన్స్ కొట్టుకున్నారండీ. ఒక చుక్క మీద! వినేవాళ్లకి నవ్వొస్తుందేమో కానీ, నాకు మాత్రం ఆ గొడవలోనే అసలు సంగతంతా ఉందనిపిస్తుంది.

మా మావయ్య పాత బాండ్ రోజర్ మూర్ మనిషి. బాండ్ అంటే కనుబొమ్మ ఎగరేయాలి, ఒక జోకు వేయాలి, కోటు నలగకూడదు. క్యాసినో రాయల్ చూపించి ఎలా ఉంది మావయ్యా అంటే, "సినిమా బాగానే ఉందిరా. కానీ వీడు బాండ్ కాదు, బాండ్‌కి బాడీగార్డ్" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాడు.

ఆయన ఒక్కడే కాదు. 2005 అక్టోబరులో క్రెయిగ్‌ని థేమ్స్ నది మీద స్పీడ్ బోట్‌లో తీసుకొచ్చి కొత్త బాండ్ ఇతనే అని చూపించారు. అతను లైఫ్ జాకెట్ వేసుకున్నాడు. ప్రపంచాన్ని కాపాడేవాడికి లైఫ్ జాకెట్టా అని ఒక గోల. జుట్టు బంగారు రంగులో ఉందని ఇంకో గోల. క్రెయిగ్ బాండ్ కాదు అని ఏకంగా వెబ్‌సైటే పెట్టి, సినిమా చూడకండి అని ప్రచారం చేశారు. అప్పటికి ఒక్క షాట్ కూడా బయటికి రాలేదు.

అలాగని ఈ సిరీస్ అంతకుముందు మారలేదా అంటే, మారుతూనే ఉంది. 1977లో ది స్పై హూ లవ్డ్ మీ చివర్లో, తర్వాత వచ్చే సినిమా ఫర్ యువర్ ఐస్ ఓన్లీ అని వేశారు. అదే ఏడాది అంతరిక్ష కథ స్టార్ వార్స్ దుమ్ము రేపింది. అంతే, ఆ మాట పక్కనపెట్టి 1979లో మూన్‌రేకర్ తీసి బాండ్‌ని అంతరిక్షంలోకి పంపేశారు. అక్కడ లేజర్ తుపాకులతో యుద్ధం! ఇది మరీ ఎక్కువైందనుకుని 1981లో ఫర్ యువర్ ఐస్ ఓన్లీతో మళ్లీ నేల మీదకి దింపారు. తర్వాత టిమొతీ డాల్టన్‌తో బాండ్‌ని కోపిష్ఠిని చేశారు. 1989లో లైసెన్స్ టు కిల్ చూసి ఇంత రక్తపాతమేంటి అన్నవాళ్లే, క్రెయిగ్ వచ్చాక "మా డాల్టన్ ఈ పని అప్పుడే చేశాడు" అని మీసం తిప్పారు. తర్వాతి బాండ్ పియర్స్ బ్రోస్నన్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ గాల్లోకి లేచింది. 2002లో డై అనదర్ డేలో కంటికి కనపడని కారు. కారు కనపడదు సరే, సినిమా కూడా కనపడకపోతే బాగుండేదని నా ఫీలింగ్.

అంటే ఎగరడం, దిగడం, మళ్లీ ఎగరడం ఈ సిరీస్‌కి కొత్త కాదు. మరి క్రెయిగ్ దగ్గరే ఫ్యాన్స్ ఇంత నిలువునా ఎందుకు చీలిపోయారు? నా లెక్క ప్రకారం, అంతకుముందు బాండ్‌కి మరిచిపోవడం వచ్చు. క్రెయిగ్ బాండ్‌కి అది రాదు.

1969లో ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్ చూడండి. జార్జ్ లేజెన్‌బీ చేసిన ఒకే ఒక్క బాండ్. బాండ్ పెళ్లి చేసుకుంటాడు. అదే రోజు, ఇంకా కారు మీద పెళ్లి పువ్వులు వాడకముందే, భార్య ట్రేసీని కాల్చేస్తారు. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, మాకు కావలసినంత టైముంది అంటాడు. సినిమా అక్కడితో ఆగిపోతుంది. అప్పట్లో చాలామందికి నచ్చలేదు. ఇప్పుడు పాత ఫ్యాన్స్‌ని అడిగితే సిరీస్‌లోనే గొప్ప సినిమా అనేవాళ్లు బోలెడుమంది. మరి తర్వాతి సినిమాలో ఏమైంది? 1971లో కానరీ తిరిగొచ్చాడు, ట్రేసీ పేరు కూడా ఎత్తలేదు. అక్కడక్కడా ఒక మాట, పదేళ్ల తర్వాత రోజర్ మూర్ ఒకసారి ఆమె సమాధి దగ్గర పువ్వులు పెట్టడం, అంతే. ప్రతి సినిమాకీ పలక తుడిచేసి మళ్లీ ఓనమాలు దిద్దేవాళ్లు. అందుకే ఏ సినిమా నచ్చకపోయినా పెద్ద నష్టం ఉండేది కాదు. వచ్చేది చూద్దాంలే అనుకునేవాళ్లు.

క్యాసినో రాయల్ ఆ పలక తుడవడం మానేసింది. ఆ సినిమా మొదటి మూడు నిమిషాలు ఇంకోసారి చూడండి. బ్లాక్ అండ్ వైట్. ప్రాగ్‌లో ఒక ఆఫీసు, రాత్రి. డ్రైడెన్ అనే దొంగ అధికారి లోపలికొస్తాడు, చీకట్లో కుర్చీలో బాండ్ కూర్చుని ఉంటాడు. డ్రైడెన్ సొరుగులోంచి తుపాకి తీసి నొక్కితే ఉత్త శబ్దం. అందులోని తూటాలు అప్పటికే బాండ్ చేతిలో ఉన్నాయి. బాండ్ అంతకుముందే ఒకణ్ణి బాత్రూమ్‌లో చంపాడు, మొదటి హత్య. సింకులు పగిలాయి, పలకలు ఊడాయి, చంపడానికి చాలాసేపు పట్టింది. డ్రైడెన్ వెటకారంగా, మొదటిది కష్టంగానే ఉంటుంది, కంగారుపడకు, రెండోది అని ఏదో చెప్పబోతాడు. ఆ వాక్యం పూర్తికాదు. బాండ్ కాల్చేసి, అవును, చాలా తేలిక అన్నట్టు ఒక ముక్క అంటాడు. వెంటనే బాత్రూమ్‌కి కట్. చచ్చాడనుకున్నవాడు లేచి తుపాకి ఎత్తుతాడు, బాండ్ గిరుక్కున తిరిగి కాలుస్తాడు. అదిగో మన తెల్ల చుక్క! నలభై ఏళ్లుగా అలంకారంగా ఉన్న ఆ షాట్‌కి మొదటిసారి ఒక కారణం దొరికింది. ఆ చుక్కలో కాల్చేది ఎవరు, ఎవరిని, ఎందుకు అన్నది కథలోకి వచ్చేసింది. మార్టిన్ క్యాంప్‌బెల్ తీశాడు ఈ సినిమా. బ్రోస్నన్‌ని గోల్డెన్‌ఐతో దింపింది కూడా ఈయనే.

తర్వాత మడగాస్కర్ ఛేజ్. ముందు పరిగెత్తేవాడు పిల్లిలా ఎగిరి, గోడ పైన ఉన్న చిన్న సందులోంచి దూరిపోతాడు. వెనకాల బాండ్ సందు కోసం చూడడు. గోడని బద్దలుకొట్టుకుని అవతలికి వచ్చేస్తాడు! మీద సున్నం, దుమ్ము. మా మావయ్య బాడీగార్డ్ అన్నది ఇక్కడే. నాకేమో ఆ ఒక్క షాట్‌తోనే మనిషి అర్థమైపోయాడు. పైగా మెట్ల మీద హత్య జరిగాక షవర్ కింద బట్టలతోనే కూర్చుని వణుకుతున్న వెస్పర్, అంటే బాండ్ ప్రేమించే అమ్మాయి, పక్కన బాండ్ కూడా చొక్కా తడిసిపోతుంటే ఊరికే కూర్చుంటాడు చూడండి, ఆ సీన్ మూర్ చేయలేడు. చేయాల్సిన అవసరం కూడా రాలేదనుకోండి.

బాండ్‌ని సృష్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో రాసిన నవలలో ఆడేది బకరా (baccarat) అనే పేకాట, సినిమాలో పోకర్ చేశారని కూడా గొడవపడ్డారు. అది వదిలేద్దాం.

ఇక్కడ తిక్క లెక్క ఒకటుంది. కథంతా మొదటి నుంచి మొదలుపెట్టి, బాండ్‌కి కొత్తగా చంపే లైసెన్స్ ఇప్పించి, పై అధికారి ఎమ్ పాత్రకి మాత్రం బ్రోస్నన్ కాలం నుంచి చేస్తున్న జూడీ డెంచ్‌నే ఉంచారు. జేమ్స్ బాండ్ అనేది మనిషి పేరు కాదు, ఉద్యోగం పేరు అనే ఫ్యాన్స్‌కి ఇదే ఆధారం. ఆ థియరీ మీద గంటలు గంటలు వాదిస్తారు. స్కైఫాల్‌లో బాండ్ అనే ఇంటిపేరుతో అతని అమ్మానాన్నల సమాధి చూపించాక అది నిలబడదు. అయినా వదలరు.

సరే, కోపమున్న ఫ్యాన్స్‌తో నేను ఒప్పుకునేది స్పెక్టర్ దగ్గర. 2012లో స్కైఫాల్ 110 కోట్ల డాలర్లు దాటింది. బాండ్ చిన్నప్పటి ఇల్లు, గాయం, ఆ బాధ జనానికి నచ్చాయని అర్థమైంది. దాంతో 2015లో స్పెక్టర్ సినిమాలో మోతాదు పెంచేశారు. విలన్ బ్లోఫెల్డ్ బాండ్‌తో కలిసి పెరిగిన అన్న లాంటివాడట. నాన్న తనకంటే బాండ్‌ని ముద్దు చేశాడని, ఇన్ని సినిమాల కష్టాలన్నీ వాడే తెప్పించాడట. దేశాలన్నీ తిరిగిన గూఢచారి కథ చివరికి అన్నదమ్ముల తగాదాలో తేలింది! జ్ఞాపకం ఉండటం వేరు, జ్ఞాపకాన్ని వెనక్కి వెళ్లి కుట్టడం వేరు. క్వాంటమ్ ఆఫ్ సొలేస్‌లో నాకు నచ్చిన ఒకటి రెండు సీన్లు కూడా ఈ అతుకు వల్ల పాడయ్యాయి.

ఇక నో టైమ్ టు డై. బాండ్‌కి కూతురు, బాండ్ చావు. బాండ్ నంబర్ 007ని నోమి అనే అమ్మాయికి ఇచ్చారని రిలీజ్‌కి ముందే రచ్చ చేశారు. తీరా చూస్తే సినిమాలో ఆవిడే ఆ నంబర్ తిరిగి ఇచ్చేస్తుంది. అసలు గొడవ చావు గురించి. ఇది ఫ్లెమింగ్‌కి ద్రోహం అనేవాళ్లకి ఒకటి గుర్తుచేయాలి. 1957లో వచ్చిన ఫ్రమ్ రష్యా విత్ లవ్ నవల చివర్లో ఫ్లెమింగే బాండ్‌కి విషం ఎక్కించి నేల మీద పడేశాడు. యు ఓన్లీ లివ్ ట్వైస్ నవలలో పేపర్లో బాండ్ సంతాప వార్త కూడా రాశాడు, కథలో బాండ్‌కి పుట్టబోయే బిడ్డని కూడా పెట్టాడు. కాకపోతే రెండుసార్లూ లేపాడు. ఈ సినిమాలో మిస్సైళ్లు పడ్డాయి, లేపడానికి వీల్లేదు.

నాకు ఆ చావు అన్యాయం అనిపించలేదు. ఏదీ మరిచిపోలేనివాణ్ణి తయారుచేశాక వాడికి వయసొస్తుంది, ఎక్కడో ఒకచోట ముగింపూ వస్తుంది. 1969 నాటి ఆ టైము మాటని, ఆ సినిమాలోని పాటని మళ్లీ తెచ్చి పెట్టారు చూడండి, అక్కడ నా గొంతు పట్టేసింది. కానీ ఇదే సినిమాలో క్యూబా సీక్వెన్స్ ఉంది. ఆనా డి ఆర్మస్ పలోమాగా వస్తుంది. మూడు వారాల ట్రైనింగ్ అయిందని హుషారుగా చెబుతుంది, గ్లాసు గటగటా ఖాళీ చేస్తుంది, ఈవెనింగ్ గౌనులోనే అందరినీ ఉతికేస్తుంది, బై చెప్పేసి వెళ్లిపోతుంది. మావయ్య కూడా నవ్వాడు. 163 నిమిషాల సినిమాలో రెండు వర్గాలూ చప్పట్లు కొట్టిన చోటు ఇదొక్కటే. సీరియస్ కథలో కూడా సరదాకి చోటుందని తీసినవాళ్లకే తెలుసు. మరి మిగతా అంతసేపు ఎందుకు బిగుసుకుపోయారు? ఫ్యాన్స్ కోపంలో నాకు న్యాయంగా కనిపించే ముక్క ఇదే.

2025 ఫిబ్రవరిలో సిరీస్ పగ్గాలు నిర్మాతలైన బ్రోకలీ కుటుంబం నుంచి అమెజాన్ చేతికి వెళ్లాయి. డైరెక్టర్‌గా డెని విల్నవ్ పేరు చెప్పారు. అప్పుడే ఫ్యాన్స్ రెండుగా చీలారు, ఇంకా కథ కూడా బయటికి రాకముందే. నాకైతే కొత్త బాండ్‌కి క్రెయిగ్ జ్ఞాపకాలేవీ వద్దు. వెస్పర్ వద్దు, కూతురు వద్దు, పలక శుభ్రంగా తుడిచేయాలి.

నో టైమ్ టు డైలో చుక్క మొదట్లోనే వచ్చింది, గమనించారా? కానీ రక్తం కారలేదు. బాండ్ కాల్చాడు, స్క్రీన్ ఎర్రబడలేదు. సినిమా అయిపోయాక కానీ అది ఎందుకో నాకు వెలగలేదు. కొత్త సినిమా రిలీజ్ రోజున నేను మొదటి నిమిషంలో చూసేది అదొక్కటే. చుక్క మొదట్లో వచ్చి, రక్తం కారితే, ఇంటర్వెల్‌లో మావయ్యకి ఫోన్ చేస్తా.